పిండి దుమ్ము – ఉబ్బసము

మన కర్నూలు, కడప సీమలు మెట్టసీమలు. జొన్న, కొఱ్ఱ, సజ్జ, రాగి తరతరములుగా మనకు ప్రాణాధారములు. జొన్నరొట్టె గాని, రాగిసంగటి గాని లేని పూట మన పెద్దలకు తృప్తి యుండదు. తరువాతి కాలమున గోధుమపిండియు, మైదాయు వీనికి తోడైనవి. పుట్టిననాటినుండి తినుచున్న పిండిని గూర్చి క్రొత్తగ చెప్పవలసినదేమున్నదని మీకు తోచవచ్చును. నేను చెప్పదలచినది తినెడు పిండిని గూర్చి కాదు. పిండి పట్టునప్పుడు గాలిలోనికి లేచు దుమ్మును గూర్చియు, ఆ దుమ్ము నడుమ ఉదయము మొదలు రాత్రి వఱకు నిలిచి పనిచేయు మనుష్యుని ఊపిరిని గూర్చియు నేడు కొన్ని మాటలు చెప్పెదను.

పూర్వము ప్రతి యింటను విసురురాయి యుండెడిది. కోడికూతతో స్త్రీలు లేచి, ఇద్దఱు ఎదురెదురుగ కూర్చుండి, పాటలు పాడుకొనుచు, ఆనాటికి కావలసిన పిండిని విసరుకొనెడివారు. ఆ పని సులభమైనది కాదు. చేతులు బొబ్బలెక్కెడివి, నడుములు నొచ్చెడివి. కాని లేచు దుమ్ము కొంచెము, పనిచేయు కాలము కొంచెము, వాకిట గాలి ధారాళము. పిమ్మట చమురు ఇంజనులును, ఆ తరువాత విద్యుచ్ఛక్తియు వచ్చినవి. ఊరూరను పిండిమర వెలసినది. స్త్రీల చేతులకు విశ్రాంతి దొరకినది. అది గొప్ప మేలు. దానిని కాదనువారు లేరు. అయితే ఒక్క సంగతిని మనము గమనింపలేదు. నూఱిండ్ల వాకిండ్లలో కొంచెము కొంచెముగ లేచి చెదరిపోయెడి దుమ్మంతయు ఇప్పుడు ఒక చిన్నగదిలో లేచుచున్నది. నూఱు కుటుంబములు పంచుకొన్న దానిని ఒక్క మనుష్యుడు పీల్చుచున్నాడు. పిండి మన యింటికి వచ్చుచున్నది. దుమ్ము మాత్రము అతని రొమ్మున నిలుచుచున్నది.

పిండిమరలో పనిచేయువాని దినమును ఒక్కమారు తలచుకొనుడు. అతడు గింజల మూటను భుజమున కెత్తి తొట్టిలో పోయును. గింజతోపాటు పొట్టు, మన్ను, పురుగుల పొడి లేచును. రాళ్ల నడుమ నలిగిన పిండి గొట్టమునుండి వెచ్చవెచ్చగ డబ్బాలో పడును. పడునప్పుడు తెల్లని పొగవలె పైకి లేచును. డబ్బా నిండినదో లేదో చూచుటకై అతడు ముఖమును దానిమీదికి వంచును. సాయంకాలము చీపురు పట్టి గదిని ఊడ్చును. నేలను అణగియున్న దుమ్ము మరల గాలి కెక్కును. రాళ్లు అరిగినప్పుడు ఉలితో కక్కు గొట్టును. అప్పుడు రాతిపొడియు దీనితో చేరును. అతని కనుబొమలును, మీసములును తెల్లబడియుండుట చూచి పిల్లలు నవ్వుదురు. మీసముమీద నిలిచిన దుమ్మును తుడిచివేయవచ్చును. ముక్కులోనుండి లోపలికి పోయిన దుమ్మును తుడుచు గుడ్డ లేదు.

రొట్టెలు కాల్చు బేకరీల సంగతియు నిట్టిదే. కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు వంటి పట్టణములందే గాక చిన్న యూళ్లలో సైతము బన్నులు, రొట్టెలు, బిస్కత్తులు, రస్కులు చేయు అంగళ్లు కలవు. గిరాకి ఉదయమున గనుక పని రాత్రివేళ. వానలు లేని యేడు మన పల్లెల యువకులు ఊరు విడిచి బెంగుళూరు, హైదరాబాదు నగరములకు పోయి ఏ పని దొరకిన ఆ పనిలో చేరుచున్నారు. ఆ పనులలో బేకరీ పని యొకటి. మైదాసంచిని ఎత్తి యంత్రములో ఒక్కమారుగ గుమ్మరించుట, ముద్ద అంటకుండుటకై బల్లమీద పొడిపిండిని గుప్పిళ్లతో విసరుట, ఖాళీ సంచులను దులిపి మడచుట – ఈ మూడు పనులయందును దుమ్ము మిక్కుటముగ లేచును. గది ఇఱుకు, ఒకవైపు బట్టీ వేడిమి, మఱియొకవైపు పొగ. ఆ గదిలోనే పనిచేసి, ఆ సంచుల నడుమనే పండుకొను పిల్లవాండ్రును కలరు.

ఇంత జరుగుచున్నను పిండి దుమ్మును ఎవ్వరును శత్రువుగ నెంచరు. దీనికి కారణము కలదు. మరలో మిరపకాయలు పట్టునప్పుడు అందఱును తుమ్ముదురు, కన్నీరు కార్తురు, ముక్కునకు గుడ్డ కట్టుకొందురు. మిరపపొడి శత్రుత్వము బహిరంగము. పిండి దుమ్ము అట్లు కాదు. అది మెత్తనిది, తెల్లనిది, ఘాటు లేనిది. పైగా ఆకలి తీర్చునది. తినెడు వస్తువు హాని చేయునా యని అందురు. ఇక్కడనే పొరపాటున్నది. కడుపు ఒక యిల్లు, ఊపిరితిత్తి వేఱొక యిల్లు. కడుపులో చేరినది జీర్ణమై రక్తమగును. ఊపిరితిత్తిలోనికి గాలి తప్ప మఱియొక అతిథి పోరాదు. మంచినీటి చుక్కయైనను దారితప్పి శ్వాసనాళమున పడినచో ఎట్లు ఉక్కిరిబిక్కిరి యగుదుమో ఎల్లరు నెఱుగుదురు.

ఇది నేడు క్రొత్తగ కనుగొన్న విషయము కాదు. ఇటలీ దేశమున బెర్నార్డినో రామజ్జీని యను వైద్యుడు, పనివాండ్రకు వారివారి వృత్తుల మూలమున కలుగు వ్యాధులను గూర్చి 1700 సంవత్సరమున లాటిను భాషలో ఒక గ్రంథమును ప్రకటించెను. అందు రొట్టెలు కాల్చువారిని గూర్చియు, పిండి పట్టువారిని గూర్చియు నొక ప్రకరణము కలదు. వారు ముఖమునకు గుడ్డ కట్టుకొన్నను పిండిరేణువులు గాలితో లోపలికి పోవుచునే యుండుననియు, అవి ఉమ్మితో కలిసి గొంతునందును, ఊపిరితిత్తులయందును జిగటగ పట్టుకొనుననియు, దానివలన దగ్గు, గొంతు బొంగురు, ఆయాసము కలిగి తుదకు ఉబ్బసము ప్రాప్తించుననియు ఆయన వ్రాసెను. ఆయన చెప్పిన మఱియొక మాట వైద్యలోకమున నేటికిని నిలిచియున్నది. రోగిని చూడబోయిన వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలలో, నీవు చేయు పని యేమి యను ప్రశ్నను తప్పక చేర్చవలెనని ఆయన బోధించెను. మూడువందల యేండ్లు గడచినను మన యూళ్లలో ఈ ప్రశ్నను అడుగువారు అరుదు.

జిగటయే కారణమని రామజ్జీని తలచెను. తరువాతి వైద్యులు ఇంతకంటె లోతైన కారణమును కనుగొనిరి. మన శరీరమున ఊరి కావలివాని వంటి రక్షణశక్తి యొకటి కలదు. దొంగ వచ్చినప్పుడు కేకవేసి జనమును లేపుట దాని పని. కొందఱి శరీరములందు ఈ కావలివాడు, ప్రతిదినము వచ్చిపోవుచున్న పిండిరేణువును ఒకనాడు దొంగయని భ్రమించును. అది మొదలు ఆ రేణువు కనబడినప్పుడెల్ల కేకయే. అప్పుడు శ్వాసనాళముల లోపలి పొర వాచును, చుట్టునున్న కండరములు బిగియును, కఫము ఊరును, గాలి పోవు దారి ఇఱుకగును. ఊపిరి విడుచునప్పుడు రొమ్ములో పిల్లికూత వినబడును. దీనినే ఉబ్బసమందురు, మన వైపు దమ్మని అందురు. శరీరపు ఈ భ్రమకు అలెర్జీ యని వైద్యులు పెట్టిన పేరు.

ఇట్టి భ్రమను కలిగించువానిలో గోధుమపిండిలోని మాంసకృత్తులు ముఖ్యమైనవి. రొట్టె మెత్తగ పొంగుటకై మైదాలో కలుపు ఆమిలేజు అను పదార్థమొకటి కలదు. దానిని ఒక జాతి బూజునుండి తీయుదురు. దాని పొడియు ఇట్టి వ్యాధిని కలిగించుననుట 1980వ దశకమున తెలియవచ్చినది. నిలువయుంచిన గింజలలో చేరు పురుగుల పొడి, బూజు, కంటికి కానరాని సన్నని పురుగులు కూడ ఈ పని చేయగలవు. కాబట్టి మా మరలో పట్టునది గోధుమ కాదు, జొన్నయే గదా యని నిర్భయముగ నుండరాదు.

ఈ వ్యాధికి మూడు లక్షణములు కలవు. వీనిని గుఱుతుంచుకొనుడు. ఏలయన, ఈ మూడింటి మూలముననే ఇది మనుష్యుని మోసగించును.

మొదటిది, ఇది వెంటనే రాదు. పనిలో చేరిన కొన్ని నెలలకో, కొన్ని యేండ్లకో వచ్చును. అందువలన రోగి, ఇన్నేండ్లనుండి ఇదే పని చేయుచుంటిని, అప్పుడు రానిది ఇప్పుడేల వచ్చునని దుమ్మును అనుమానింపడు. కాని ఇన్నేండ్లనుండి ఆ పని చేయుటయే ఇప్పుడు వచ్చుటకు కారణము.

రెండవది, అనేకులయందు ఇది మొదట ముక్కును, కన్నులను పట్టును. పనిలోనికి పోగానే తుమ్ములు, ముక్కు నీరుకారుట, కన్నుల దురద కనబడును. అది జలుబని త్రోసివేయుదురు. నెలల తరబడి విడువని జలుబు జలుబు కాదు. అది రొమ్మునకు రానున్న కీడును ముందుగ తెలుపు దండోరా. ఆ దండోరాను విని జాగ్రత్తపడినవాడు చాలవఱకు బయటపడును.

మూడవది, ఆయాసము పనిచేయునప్పుడే రావలెనను నియమము లేదు. పని ముగిసి యిల్లు చేరిన నాలుగైదు గంటలకో, ఏడెనిమిది గంటలకో, నడురాత్రి నిద్రలోనో రావచ్చును. అప్పుడు ఇంటివారు చలిగాలిని నిందింతురు, మంచును నిందింతురు, రాత్రి తిన్న పెరుగును నిందింతురు. పగలు పీల్చిన దుమ్ము ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు.

అయినచో దీనిని కనిపెట్టుటెట్లు? దానికొక సులభమైన ఉపాయము కలదు. ఊరి జాతరకో, పెండ్లికో, ఉగాదికో, రంజానుకో అతడు కొన్ని దినములు పని మానియుండును. ఆ దినములలో దగ్గును, ఆయాసమును తగ్గినవా? మరల పనిలో చేరిన పిమ్మట హెచ్చినవా? అట్లయినచో సందేహము పనిమీదనే యుంచవలెను. అయితే వ్యాధి ముదిరిన వెనుక రెండు మూడు దినముల విరామమున ఈ భేదము తెలియదు. వారముల విరామము కావలసివచ్చును. కనుక తొలిదశయందే అడుగుట మేలు.

దుమ్ములన్నియు ఒక్కతీరున హాని చేయవు. మన సీమలోనే ఇందుకు ఉదాహరణములు కలవు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు ప్రసిద్ధమైన పట్టణము. దూది దుమ్మును పీల్చువారిలో కొందఱికి వారపు సెలవు ముగిసి పనిలో చేరిన మొదటి దినముననే రొమ్ము పట్టివేసి, పిమ్మటి దినములలో కొంత సడలును. పిండి దుమ్ము నడక దీనికి విరుద్ధము. తఱచుగ వారము సాగినకొలది హెచ్చును, సెలవున తగ్గును. బేతంచెర్ల, బనగానపల్లె, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములందు నాపరాతి గనులును, రాయి కోయు యంత్రములును కలవు. రాతి దుమ్ములో సిలికా యను ఇసుకజాతి పదార్థము ఎంత హెచ్చుగ నున్న అంత హెచ్చు హాని. అది ఊపిరితిత్తులలో మానని మచ్చలు కట్టించును. పని మానినను ఆ మచ్చలు పోవు. ఈ రెండింటితో పోల్చినచో పిండి దుమ్ము విషయమున మనకొక ఆశ కలదు. తొలిదశలో కనుగొని దుమ్మునుండి తొలగినచో ఊపిరి చాలవఱకు బాగుపడవచ్చును. ఆలసించినచో మాత్రము, పని మానిన తరువాతను ఉబ్బసము వెంట నుండును. ఇందు కాలమే ప్రధానము.

ఇక చికిత్స మాట. దగ్గు రెండు వారములు దాటినచో మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి కఫమును పరీక్ష చేయించుకొనవలెను. అది క్షయయో కాదో తేలవలెను. ఆ పరీక్షకును, క్షయయైనచో దాని మందులకును ప్రభుత్వము రుసుము తీసికొనదు. క్షయ కాదని తేలినంతమాత్రమున పని ముగిసినదని ఊరకుండరాదు. అప్పుడు వైద్యునితో, అయ్యా, నేను పిండిమరలో పనిచేయువాడను, అని రోగి తానే చెప్పవలెను. వైద్యుడు అడుగలేదని మానరాదు. ఊపిరి బలమును కొలుచు చిన్న గొట్టపు సాధనమొకటి కలదు. దానిలోనికి బలముగ ఊదినచో ముల్లు కదలి అంకె చూపును. పనిదినములందును, సెలవుదినములందును పూటపూటకు ఊది ఆ అంకెలను కాగితమున వ్రాసికొని, కొన్ని వారములకు పోల్చి చూచినచో, వ్యాధికి పని కారణమగునో కాదో వైద్యునికి చాలవఱకు తేటపడును. చదువను వ్రాయను వచ్చిన మనుమడుగాని మనుమరాలుగాని యింటనున్నచో ఈ లెక్క వ్రాయుట కష్టము కాదు.

పీల్చెడు మందును గూర్చి మన పల్లెలలో ఒక భయము కలదు. దానిని పట్టినచో జన్మాంతము విడువదనియు, అది చివరి మందనియు అందురు. ఇది సరికాదు. పీల్చెడు మందు నేరుగ శ్వాసనాళములకు పోవును గనుక మాత్రకంటె మిక్కిలి తక్కువ మోతాదు చాలును. దానిని వైద్యుడు చెప్పినట్లు, చెప్పినన్ని దినములు వాడవలెను. ఆయాసము తగ్గినది గదా యని తనంతట మానరాదు. మృగశిర కార్తెనాడు హైదరాబాదునకు పోయి చేపమందు తిని వచ్చువారును మనలో కలరు. ఎవరి నమ్మకము వారిది. కాని ఒక్కమాట. ఏ మందు తిన్నను మఱునాడు మరల ఆ దుమ్ములోనికే పోయి నిలిచినచో ఆ మందేమి చేయగలదు? కుండ అడుగున చిల్లి యుండగా పైనుండి నీరు పోసినట్లగును. మొదట చిల్లిని మూయవలెను.

ఎంత దుమ్ము హాని చేయును? అమెరికా దేశమున పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘమొకటి పీల్చెడు గాలిలో పిండి దుమ్మునకు ఒక హద్దును సూచించినది. అది ఘనపు మీటరు గాలికి అర మిల్లీగ్రాము. అనగా నిలువు, అడ్డము, ఎత్తు ఒక్కొక్క మీటరు గల పెట్టెడు గాలిలో, బియ్యపు గింజ బరువులో ముప్పదవ వంతు గాని, నలుబదవ వంతు గాని అనుకొనుడు. బ్రిటను దేశపు చట్టము ఎనిమిది గంటల సగటున 10 మిల్లీగ్రాముల వఱకు అనుమతించినను, సాధ్యమైనంత తగ్గింపవలెననియే యజమానులను ఆదేశించుచున్నది. ఈ లెక్కలు మన మరలో కొలుచువారు లేరు. కొలువకయే తెలిసికొను ఉపాయమొకటి చెప్పెదను. ఉదయమున కిటికీనుండి ఎండ గదిలో పడునప్పుడు ఆ వెలుగు చారలో చూడుడు. రేణువులు దట్టముగ ఆడుచుండినచో అది ఊపిరికి తగిన గాలి కాదు.

దీనికి చేయవలసిన పనులు చాలవఱకు స్వల్పవ్యయముతో అగునవే. మొదట పిండిమర. పిండి వచ్చు గొట్టపు మూతికి దట్టమైన గుడ్డతొడుగును కట్టి, దాని కొనను డబ్బాలోనికి దించవలెను. డబ్బాకు మూత యుండవలెను. పిండి ఎత్తునుండి పడినకొలది దుమ్ము హెచ్చు గనుక డబ్బాకును గొట్టమునకును నడుమ ఎడము తగ్గింపవలెను. గింజలను ఇంటివద్దనే చెఱిగి, జల్లించి తెచ్చినచో మరలో మన్నును, పొట్టును లేవవు. ఇది మర యజమాని పని కాదు, మన పని. గదికి ఎదురెదురుగ రెండు కిటికీలు కావలెను. గాలిని బయటికి లాగు విద్యుత్తు పంకాను పిండి పడుచోటికి దగ్గరగ గోడలో అమర్చవలెను. పైకప్పునకు వ్రేలాడు పంకా గాని, బల్లమీది పంకా గాని పిండిమీదికి వీచినచో మేలుకంటె కీడెక్కువ; అది దుమ్మును గదియంతట చల్లును. మూటలతో వచ్చిన స్త్రీలును, చంకబిడ్డలును లోపల నిలువక వసారాలో వేచియుండునట్లు ఒక అరుగు వేయుట మంచిది. రాళ్లకు కక్కు గొట్టుటను గది వెలుపల, రాతిని తడిపి, గాలివాటమును చూచుకొని చేయవలెను.

తరువాత బేకరీ. సంచిని ఎత్తునుండి గుమ్మరింపక, మూతిని యంత్రపు తొట్టి అడుగునకు చేర్చి మెల్లగ జార్చవలెను. యంత్రమునకు మూత వేసి, పిండి తడియు వఱకు మందగతిని త్రిప్పి, పిమ్మట వేగము పెంచవలెను. బల్లమీద గుప్పిళ్లతో విసరుటకు బదులు చిల్లుల డబ్బాతో దగ్గరనుండి చల్లవచ్చును; కొన్ని పనులకు పొడిపిండికి మాఱుగ కొంచెము నూనె రాచినను చాలును. ఖాళీ సంచిని దులుపక, గాలిని లోపలనే యుంచి నొక్కక, అడుగునుండి మెల్లగ చుట్టవలెను. పండుకొను తావు పనిగదికి వేఱుగ నుండవలెను.

రెండు తావులందును చీపురుతో పొడిగ ఊడ్చుట మానవలెను. తడిగుడ్డతో తుడువవలెను, వీలైనచో దుమ్మును పీల్చు యంత్రమును వాడవలెను. గాలిగొట్టముతో ఊది శుభ్రము చేయుట అన్నిటికంటె చెడ్డది. ముక్కునకు కట్టు తువాలు పెద్ద రేణువులను మాత్రమే ఆపును. రామజ్జీని కాలముననే ఆ సంగతి తెలిసినది. 2020 సంవత్సరమున కరోనా వచ్చినప్పుడు మనమందఱము ఎన్95 మాస్కు పేరు విన్నాము. అట్టిది ముఖమునకు సందు లేకుండ అమరినచో తువాలుకంటె చాల మేలు. కాని అది చివరి కాపుదల. దుమ్ము లేవకుండ చేయుట మొదటిది. పని ముగియగానే బట్టలు మార్చుకొని, ముఖము కడిగికొని యింటికి పోవలెను. బీడీ, చుట్ట త్రాగువాని ఊపిరికి దుమ్ముతోపాటు పొగ దెబ్బయు తగులును గనుక అవి మానుట తప్పనిసరి.

ఇంతవఱకు చెప్పినది సులభమైన భాగము. కష్టమైన భాగము ఇక చెప్పవలెను. ఒకమారు శరీరము పిండిని శత్రువుగ నెంచుట మొదలుపెట్టిన వెనుక కొంచెము దుమ్మైనను చాలును. మాస్కును, పంకాయు అతనికి పూర్తిగ రక్షణ కాజాలవు. అట్టివాడు దుమ్మునుండి తొలగవలసినదే. ఈ మాట చెప్పుట తేలిక. మర అతనిది కావచ్చును. దానిమీద అప్పు ఉండవచ్చును. బేకరీలో కూలికున్నవాడు నెలనెల పంపు సొమ్ముతో ఇంట ముసలి తల్లిదండ్రులు బ్రతుకుచుండవచ్చును. పని మానుమన్నచో, మానిన పిమ్మట ఏమి తినవలెనని అతడు అడుగును. ఆ ప్రశ్నకు వైద్యుని చీటీలో జవాబు లేదు. అందుకే అతడు దగ్గును దాచును. యజమానికి తెలిసినచో పని పోవునని దాచును. ఊరికి తెలిసినచో క్షయ యందురని దాచును. దాచినంతకాలము వ్యాధి పెరుగును. తుదకు పది అడుగులు నడువలేని స్థితిలో పని దానంతట అదే పోవును. అప్పుడు ఊపిరియు లేదు, కూలియు లేదు.

కాబట్టి తొలిదశయందే మధ్యేమార్గమును వెదకవలెను. మరలో తొట్టిని, గొట్టమును మఱియొకరు చూచుకొని, అతడు వసారాలో గింజలు తూచి పైకము తీసికొను పనిలో నుండవచ్చును. ఆ మఱియొకనికిని పైన చెప్పిన జాగ్రత్తలన్నియు జరుగవలెను. లేనిచో ఒకని వ్యాధిని ఇంకొకనికి అంటగట్టినట్లగును. బేకరీలో దుమ్ముగదినుండి అతనిని అంగడి ముందరికి, లెక్కలకు, సరకు చేరవేయు పనికి మార్చవచ్చును. పని తెలిసిన మనుష్యుని పోగొట్టుకొనుటకంటె మార్చుకొనుట యజమానికిని లాభమే. ఇట్టి యేర్పాటులు చట్టముకంటె పెద్దల మాటవలన త్వరగ జరుగును.

చట్టమును గూర్చియు రెండు మాటలు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 14వ సెక్షనులో, పనివాండ్రకు హాని చేయు దుమ్మును లేచినచోటనే తొలగింప యజమాని యేర్పాటు చేయవలెనని యుండెను. దాని స్థానమున, 2020లో చేసిన వృత్తిభద్రత, ఆరోగ్య స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చినది. విద్యుచ్ఛక్తితో నడుచు తావున 20 మంది పనివారున్నగాని ఈ స్మృతి దానిని ఫ్యాక్టరీగ నెంచదు. పెద్ద బిస్కత్తు కర్మాగారము ఇందులోనికి వచ్చును. ఒకరిద్దఱు పనిచేయు మన ఊరి పిండిమర రాదు. నలుగురైదుగురు పనిచేయు వీధి బేకరీయు రాదు. అధికారి రాని తావున పెద్దలే అధికారులు.

పెద్దలారా, మరలో పట్టుకూలి ఒక్క రూపాయి పెరిగినచో రచ్చబండవద్ద తగవు పడుదుము. ఆ రూపాయితో గుడ్డతొడుగును, డబ్బామూతయు, గోడ పంకాయు వచ్చుననినచో ఇచ్చుటకు వెనుదీయరాదు. అది దానము కాదు. మన పిండికై లేచిన దుమ్మునకు మనము చెల్లింపవలసిన బాకీ. అట్లే, కొడుకునో మనుమనినో బేకరీ పనికి పంపునప్పుడు జీతమెంతయని మాత్రమే అడుగక, పిండిగదికి కిటికీ కలదా, పండుకొను తావు వేఱుగ నున్నదా యని అడుగుడు. చిన్ననాటినుండి తుమ్ములు, ఆయాసము గల పిల్లవానికి ఈ పని తగదని ముందుగనే తీర్పు చెప్పనక్కరలేదు కాని, అతనిని మఱింత శ్రద్ధతో కనిపెట్టియుండవలెను. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అతని దగ్గును వినుడు. తిరిగి పోయిన పదిదినములకు ఫోనుమీద మరల అడుగుడు.

అడుగవలసినవి మూడు ప్రశ్నలు. నీవు చేయు పని యేమి? సెలవున దగ్గు తగ్గుచున్నదా? పనిలో చేరగానే హెచ్చుచున్నదా? ఈ మూడింటికి పైకము అక్కరలేదు, పరీక్షాయంత్రము అక్కరలేదు. అడిగి, జవాబు విని, అతనిని వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రమునకు పోయి, చీటీమీద అతని వృత్తిని వ్రాయించి తెచ్చు పెద్దమనిషి యొక్కడు ఊరికి చాలును. ఆ ఊరి పిండిమర రేపును ఆడును. అందు పనిచేయువాడును సుఖముగ ఊపిరి పీల్చుచు ఆడించును.